ముప్పై ఒకటో నంబరు

మా డెయిరీ బస్సు పొద్దున్న ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరేది. నేను కొత్తపేటలో, పండ్ల మార్కెట్ ఎదురుగా ఎక్కేవాణ్ణి. ఇప్పుడా మార్కెట్ అక్కడ లేదు. అప్పట్లో మాత్రం ఎండాకాలం వచ్చిందంటే మామిడికాయల లారీలు రోడ్డు మీదికి వచ్చి నిలబడేవి. బస్సు కదలడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ వరిగడ్డి వాసన, మాగిన పండ్ల వాసన కిటికీల్లోంచి లోపలికి వస్తూ ఉండేవి. ఎవరూ విసుక్కునేవారు కాదు. ఆ తర్వాత ఎల్బీ నగర్ చౌరస్తా. మెట్రో స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి, దుమ్ము. ఆ దుమ్ములో, భుజాన సంచీతో, మీర్‌పేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చి నిలబడి ఉండేవాడు మా కేబులన్న.

ప్లాంట్‌లో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్లు. కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నల్లగొండ వైపు ఊరు, చదువు పదో తరగతి. ఆదివారం చర్చికి వెళ్లాలి కాబట్టి ఆ రోజు తప్ప ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు. పదిహేనేళ్లుగా ఆ ప్లాంట్‌లో ఏ తీగ ఏ గోడలోంచి వెళ్లి ఎక్కడ తేలుతుందో ఆయనకు తెలిసినట్టు డ్రాయింగులకు కూడా తెలియదు. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. నా పక్క సీటు ఆయనకు ఉంచేవాణ్ణి. హయత్‌నగర్ దాటి ప్లాంట్ చేరేదాకా మాటలే. ఆయన నన్ను సార్ అనేవాడు, కానీ నువ్వు అనేవాడు. "తిన్నవా సార్" అంటే అందులో రెండూ ఉండేవి.

రిటైరయ్యాక ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటోమేషన్ నేర్పే చోట రెండు మూడుసార్లు మాట్లాడాను. పిల్లలు మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన ఫాల్ట్ ఏమిటి సార్ అని అడుగుతారు. వాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొంచెం పని సంగతి చెప్పాలి. మీ ఇంట్లో ఇంటర్నెట్ తెచ్చే తీగా, మా ప్లాంట్‌లో యంత్రాలను కలిపే తీగా చూడడానికి ఒక్కటే. రెండూ ఈథర్‌నెట్టే. తేడా అంతా వేళ పాటించడంలో ఉంది. ఆఫీసులో ఒక మెయిల్ రెండు సెకన్లు ఆలస్యంగా వస్తే ఎవరికీ తెలియదు. మా దగ్గర ప్లాంట్ మొత్తాన్ని నడిపించే కంట్రోలర్, పాల పంపును తిప్పే డ్రైవ్‌తో సెకనుకు ఇరవై సార్లు మాట్లాడేది. ఇంత వేగంతో తిప్పు అని ఇది చెబుతుంది, తిప్పుతున్నాను అని అది చెబుతుంది. వరసగా నాలుగుసార్లు మాట అందకపోతే డ్రైవ్ ఇక ఎదురుచూడదు, తనంతట తానే ఆగిపోతుంది. అది దాని లోపం కాదు. ఎవరి మాటా వినబడకుండా పాలను తోస్తూ పోవడం కంటే ఆగడమే క్షేమమని దాన్ని అలా తయారుచేశారు.

మాట చేరాలంటే అడ్రస్ ఉండాలి. ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఇస్తాం. పొడుగు నంబరే గానీ చివరి భాగం ఒక్కటే మారుతుంది కాబట్టి మేం పన్నెండు, ఇరవై, ముప్పై అని పిలుచుకునేవాళ్లం. ఒకే నంబరు ఇద్దరికి ఇవ్వకూడదు. ఒకే ఇంటి నంబరుతో కాలనీలో రెండు ఇళ్లుంటే ఉత్తరం ఎవరింట్లో పడుతుందో చెప్పలేం కదా, ఇదీ అంతే. నంబర్లు ఇచ్చే పని నాది. ఇచ్చిన ప్రతి నంబరూ రాసుకోడానికి నీలం అట్ట నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు పాశ్చరైజర్ పంపుకు కొత్త డ్రైవ్ పెట్టాం. పాలను డెబ్బై రెండు డిగ్రీల దాకా కాచి, పదిహేను సెకన్లు అలాగే ఉంచి, వెంటనే చల్లార్చే యంత్రం పాశ్చరైజర్. డెయిరీకి గుండెకాయ అది. కేబులన్న కొత్త తీగ లాగాడు. నేను నోటుబుక్కు తీసి చూస్తే ముప్పై ఒకటి ఖాళీగా ఉంది. నోటుబుక్కును నమ్మకుండా ల్యాప్‌టాప్ నుంచి ఆ నంబరును ఒకసారి పిలిచి చూశాను కూడా. ఎవరూ పలకలేదు. డ్రైవ్‌కు ముప్పై ఒకటి ఇచ్చేశాను. అది మంగళవారం. పంపు చక్కగా తిరిగింది.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు పంపు ఆగిపోయింది. స్క్రీన్ మీద కనెక్షన్ పోయింది అని వచ్చింది. పంపు ఆగితే లోపలున్న పాలు వేడి ప్లేట్లకు అంటుకుంటాయి. మళ్లీ అంతా కడిగి, కాచి, మొదలుపెట్టేసరికి మూడు గంటలు. ఈలోగా ఊళ్ల నుంచి వచ్చిన ట్యాంకర్లు గేటు బయట ఎండలో వరసగట్టాయి. డ్రైవ్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగానే ఉంది. శుక్రవారం బాగుంది, శనివారం బాగుంది. సోమవారం మళ్లీ ఆగింది. అలా మూడు వారాలు. ఒక రోజు ట్యాంకర్ పాలు విరిగిపోయి వెనక్కి పంపాల్సి వచ్చింది.  ఆ ట్యాంకర్ డ్రైవర్ వెళ్తూ వెళ్తూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మూడో వారం మేనేజర్ గారు మీటింగ్ పెట్టారు. మంచివాడే, కానీ పైనుంచి ఫోన్లు పడుతున్నాయి, ఆయనకు ఒక జవాబు కావాలి. అందరి ముందూ నన్నడిగారు, కారణం ఏమిటని. నాకు తెలియదు అని చెప్పి ఉండాల్సింది. అప్పటికి పాతికేళ్ల సర్వీసు. డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి ఆ ఏడు నాకే అని అందరూ అనుకుంటున్నారు. తెలియదు అనే మాట నోటికి రాలేదు. కేబులింగ్ సరిగ్గా లేనట్టుందండి, కరెంటు కేబుళ్ల పక్కనుంచే లాగినట్టున్నారు అన్నాను. అది పుస్తకాల్లో ఉన్న కారణమే. అలా లాగితే కరెంటు ప్రభావం పడి మాటలు చెడిపోతాయి, నిజమే. కానీ నేను వెళ్లి చూడలేదు.

మీటింగ్ అయ్యాక విషయం కేబులన్నకు తెలిసింది. వర్క్‌షాప్‌లో నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. నిదానంగా మాట్లాడాడు.

"సార్, తీగ ఖరాబైతే రోజూ ఖరాబే ఉంటది. గిది సోమారం, బేస్తారమే పోతది. ఇయ్యాల ఏం వారమో తీగకెట్ల తెలుస్తది?"

ఇప్పుడు తలచుకుంటే, ఆ ప్లాంట్‌లో అప్పటిదాకా ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంతకంటే మంచి ప్రశ్న లేదు. సోమ, గురువారాలే ఎందుకు అని నేను అక్కడే ఆగి ఆలోచించి ఉంటే సాయంత్రానికల్లా దొరికేది. నేనేమన్నానో కూడా బాగా గుర్తుంది.

"ఇది నీకు తెలిసిన కరెంటు పని కాదు అన్నా. ఇది వేరే."

 మర్నాడు ఎల్బీ నగర్‌లో బస్సు ఆగినప్పుడు ఆయన లేడు. ఇక రావద్దని కాంట్రాక్టర్‌కు చెప్పించారట. తీసేయమని నేను అనలేదు, నిజమే. వద్దని కూడా అనలేదు. నా పక్క సీట్లో స్టోర్స్ గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. హయత్‌నగర్ దాకా ఆయనతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

బయటి కంపెనీ ఒకటి వచ్చి తీగలన్నీ కొత్తగా, ఖరీదైన రకానివి లాగింది. కరెంటు కేబుళ్లకు దూరంగా, కొత్త ట్రేలు బిగించి మరీ. లాగుతున్నప్పుడు వాళ్ల సూపర్‌వైజర్ పాత తీగ చివరలు చూపించి, ఎవరు చేశారోగానీ పని నీటుగా చేశారు సార్ అన్నాడు. పాత తీగ కరెంటు కేబుళ్లకు ఉండాల్సిన జానెడున్నర దూరంలోనే ఉంది, మధ్యలో ఇనప పలక కూడా అడ్డం పెట్టి ఉంది. నేను విన్నాను, తల ఊపాను.

కొత్త తీగల తర్వాత వచ్చిన మొదటి సోమవారం. తొమ్మిదిన్నర. పంపు ఆగింది.

ప్యానెల్ ముందు నిలబడి ఉన్నాను. వెనక నుంచి ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజరమ్మ వచ్చింది. పెరుగు కప్పులు నింపే లైను ఆమెది. మీర్‌పేట్ మనిషే, మాటల్లో తొందర ఉండదు. చేతిలో టోపీ పట్టుకుని నిలబడి చెప్పింది.

"సార్, నేను మా ప్రింటర్ ఆన్ చేసినప్పుడే మీ పంపు బందైతది. మొన్న మీ వాళ్లకు చెప్పిన. నవ్విండ్రు."

పెరుగు కప్పుల మూత మీద తేదీ కొట్టే ప్రింటర్ అది. కప్పుల పెరుగు వారానికి రెండే రోజులు నింపేవాళ్లు. సోమవారం, గురువారం. మిగతా రోజుల్లో ప్రింటర్ ఆఫ్‌లోనే ఉంటుంది.

 ఆమెను అక్కడే ఉండమని, ల్యాప్‌టాప్ తెరిచాను. ముందు డ్రైవ్ నుంచి తీగ పీకేశాను. ఇప్పుడు ముప్పై ఒకటి అనే పేరు గలవాళ్లు ఆ నెట్‌వర్క్‌లో ఎవరూ ఉండకూడదు. పిలిచాను. జవాబు వచ్చింది. మళ్లీ పిలిచాను. మళ్లీ వచ్చింది. తీగ నా ఎడమ చేతిలో వేలాడుతూ ఉంది, స్క్రీన్ మీద మాత్రం ముప్పై ఒకటి ఉన్నాను, ఉన్నాను అని పలుకుతూనే ఉంది. వెళ్లి ప్రింటర్ తీగ పీకాను. అప్పుడు ఆగింది.

అంతకు రెండు నెలల ముందు, ఒక సాయంత్రం, బస్సు హారన్ కొడుతుంటే తొందరలో ఆ ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపింది నేనే. నంబరు ముప్పై ఒకటి ఇచ్చిందీ నేనే. రేపు రాసుకుందాం అనుకున్నాను. రాసుకోలేదు. డ్రైవ్ పెట్టిన మంగళవారం ప్రింటర్ ఆఫ్‌లో ఉంది కాబట్టి నేను పిలిచినప్పుడు పలకలేదు. ఆన్ అయిన ప్రతిసారీ అది ముప్పై ఒకటి నేనే అని అందరికీ చాటేది. కంట్రోలర్ నమ్మి, పంపుకు చెప్పాల్సిన మాటలన్నీ పెరుగు కప్పుల ప్రింటర్‌కు చెప్పేది. పంపు నాలుగు మాటలు చూసి ఆగిపోయేది. డ్రైవ్‌ను ఆపి ఆన్ చేస్తే అదీ అలాగే చాటేది, కంట్రోలర్ మళ్లీ దాని వైపు తిరిగేది.

ప్రింటర్ నంబరు నలభై నాలుగు చేశాను. రెండు నిమిషాల పని. నోటుబుక్కులో రెండూ రాశాను. ఏమైంది సార్ అని ఆమె అడిగితే, ఏం లేదమ్మా, చిన్న సెట్టింగ్, సరిచేశాను అన్నాను.

ఆ గురువారం పంపు ఆగలేదు. ఆ తర్వాతా ఆగలేదు. కొత్త తీగలు పనిచేశాయని మేనేజర్ గారు బయటి కంపెనీకి మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. దాని కాపీ నాకూ వచ్చింది. చదివాను. నాకు పిల్లలున్నారు, హెడ్ పదవి వారాల్లో తేలుతుంది, ఎలాగూ సమస్య తీరింది, ఇలా లోపల చాలా వాదించుకున్నాను. ప్రతి పొద్దునా ఎల్బీ నగర్‌లో బస్సు ఆగుతుంది. ఆ నిమిషం మాత్రం కిటికీ అవతలికి చూసేవాణ్ణి కాదు.

రెండో వారం శనివారం, సాయంత్రం బస్సులో ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మ నా ముందు సీట్లో కూర్చుంది. కేబులన్న వాళ్ల వీధి వెనకే తన ఇల్లట. ఇంకో రెండు ప్లాంట్లకు పనికోసం పోయాడట. అక్కడికీ మాట చేరింది, తీగలు సరిగ్గా లాగడట అని. ఇప్పుడు ఇళ్లలో ఫ్యాన్లు బిగిస్తున్నాడని చెప్పింది. తర్వాత వెనక్కి తిరిగి సూటిగా అడిగింది.

"అది తీగ కాదు గదా సార్. మరి గాయన్ని ఎందుకు పిలుస్తలేరు?"

ఆమెకు అంతా తెలుసని కాదు. తెలిసినంతలో అడిగింది.  ఎల్బీ నగర్‌లో ఆమె దిగిపోయింది.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం మీర్‌పేట్ వెళ్లాను. చర్చి నుంచి వచ్చి తెల్ల చొక్కా ఇంకా మార్చుకోలేదు ఆయన. కుర్చీ వేశాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. చాయ్ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుని, చివరికి అంతా చెప్పాను. ప్రింటర్, నంబరు, నోటుబుక్కు, మీటింగ్‌లో నేనన్న మాట, రెండు వారాలు నోరు మూసుకున్న సంగతి. క్షమించమని అడిగాను.

 ఆయన మాట్లాడినప్పుడు ముందు నాకు తగిలింది అర్థం కాదు, పిలుపు.

"మీరు నాకు చెప్పిండ్రు, మంచిగనే ఉంది సార్. నా తీగ మంచిదని నాకు ముందే తెలుసు. ఎవరి ముందట అన్నరో వాళ్ల ముందట చెప్పుండ్రి."

నువ్వు పోయి మీరు వచ్చింది. ఆ తర్వాత మేం ఇంకా చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. ఆ నువ్వు మళ్లీ రాలేదు. అడిగి తెచ్చుకునేది కాదు కదా.

సోమవారం మీటింగ్‌లో, వేరే విషయాలన్నీ అయ్యాక, లేచి నిలబడ్డాను. ఎప్పుడూ లేవం, కూర్చునే మాట్లాడతాం. ఎందుకు లేచానో తెలియదు. చెప్పాను. కేబుల్ అని మీరే అన్నారు కదండీ అన్నారు మేనేజర్ గారు. అన్నానండి, చూడకుండా అన్నాను అని చెప్పాను.  ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

ఆ ఏడు హెడ్ పదవి నాకు రాలేదు. నాకంటే ఏడేళ్లు చిన్నవాడు వచ్చి నా పైన కూర్చున్నాడు. మంచి కుర్రాడు, నన్ను గౌరవంగానే చూశాడు. అది ఇంకొంచెం కష్టంగా ఉండేది. అయితే ఆ రాత్రి నుంచి నిద్ర పట్టింది. పోయిన పదవి గురించి ఇన్నేళ్లలో బాధపడినట్టు నటించాను గానీ, పెద్దగా బాధపడలేదు.

మేనేజర్ గారు కాంట్రాక్టర్‌ను పిలిపించి, తప్పు తీగలది కాదని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. కేబులన్న ఆ కాగితం తీసుకున్నాడు, పనిలోకి రావడానికి మాత్రం ఒక షరతు పెట్టాడు. షరతు నాకే. ఆ నంబర్ల సంగతి మొత్తం తనకు నేర్పాలి. తనకు తెలియదన్న దాని మీద ఇంకోసారి మాట పడనన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట, వర్క్‌షాప్‌లో, దాదాపు ఆరు నెలలు నేర్పాను. నేను చదువుకున్న పద్ధతిలో చెబితే ఆయనకు ఎక్కలేదు. ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎంతసేపటికోసారి, మాట అందకపోతే ఎవరేం చేస్తారు అని యంత్రం యంత్రం దగ్గరికి తీసుకెళ్లి చెబితే ఒక్కసారికే పట్టేశాడు. అలా చెప్పడం నాకూ మేలైంది. పాతికేళ్లుగా తెలుసనుకున్నవి కొన్ని తెలియవని తేలింది. ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మ ఒక్కోసారి వచ్చి నిలబడి వినేది. ఒక రోజు ప్రింటర్ ఆగిపోతే మమ్మల్ని పిలవకుండా తనే తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టెలో దీపాలు చూసి, ఏ తీగ ఊడిందో చెప్పింది.

ఆ తర్వాతి ఏడాది వేసవిలో మళ్లీ ఒకరోజు ప్లాంట్ ఆగింది. ఈసారి పంపు కాదు, చల్లార్చే వైపు వాల్వులు. స్క్రీన్ మీద అదే మాట, కనెక్షన్ పోయింది. గేటు బయట ట్యాంకర్లు. మేనేజర్ గారు అందరినీ పిలిచారు, కేబులన్నను కూడా. కాంట్రాక్టు మనుషులు ఆ గదిలో కూర్చోవడం అంతకుముందు లేదు, ఆ ఏడు నుంచే మొదలైంది. కొత్త హెడ్ ల్యాప్‌టాప్ తెరిచి ఏదో చూపిస్తున్నాడు. నంబర్లన్నీ సరిగానే ఉన్నాయని నేను చెబుతున్నాను. ఇది కూడా కేబులేనా అని మేనేజర్ గారు అడిగారు. అడిగాక ఆయనే కొంచెం ఇబ్బంది పడి నా వైపు చూశారు. ఆ గదిలో అందరికీ పాత సంగతి గుర్తొచ్చిందని నాకు తెలుసు.

కేబులన్న చేతులు కట్టుకుని కూర్చున్నవాడు విప్పాడు.

"కేబులే సార్. నిన్న గా వాల్వుల డబ్బాల కనెక్టర్ నేనే బిగించిన. బిగించి గుంజి చూడాలె, చూడలే. తప్పు నాదే."

అంతే. గొంతు మారలేదు. మేనేజర్ గారు సరే, వెళ్లి బిగించి రండి అన్నారు. ఆయన సంచీ భుజాన వేసుకుని లేచాడు. నేనూ లేచి వెనకే వెళ్లాను. నాకు రెండు వారాలు పట్టిన మాట ఆయన ఒక్క గుక్కలో చెప్పేశాడు.  వాల్వుల డబ్బా తెరిచి, కనెక్టర్ తీసి, తీగ చివర కొత్తగా కత్తిరించి బిగించి, ఈసారి రెండుసార్లు గుంజి చూశాడు. నేను టార్చి పట్టుకున్నాను. పది నిమిషాల్లో ట్యాంకర్లు లోపలికి రావడం మొదలైంది.